ఒక్కరే కారులో సరిహద్దు దాటుతుంటే మొదటి రోజు లేపాక్షి దగ్గర ఆగిపోండి

బెంగళూరు నుంచి గండికోటకు బయల్దేరే మనవాళ్ళలో చాలామందిది ఒకటే లెక్క. మొత్తం 280 కిలోమీటర్లు, ఆరు గంటలు. పొద్దున బయల్దేరితే సాయంత్రం సూర్యుడు దిగే వేళకు కొండ అంచు మీద ఉంటాం, దారిలో లేపాక్షి కూడా చూసేస్తాం. బండి నడపడానికి ఇద్దరుంటే ఈ లెక్క నడుస్తుంది. ఒక్కరే అయితే మాత్రం మొదటి రోజుకు ఇది పనికిరాదు. కారణాలు మూడు. లేపాక్షిలో గట్టిగా గంట కూడా దొరకదు. అన్నం తిన్నాక కళ్ళు మూతలు పడే మధ్యాహ్నం రెండు, మూడింటి వేళ గోరంట్ల, కదిరి, పులివెందుల రోడ్డు మీద ఉంటారు, అక్కడ మ్యాప్ చూసి చెప్పేవాళ్ళు పక్కన ఉండరు. ఇక ఏ పంక్చరో అయి గంట ఆలస్యమైతే, ఆ గంట చీకట్లోకి జరుగుతుంది.

అందుకే మొదటి రోజు 120 నుంచి 130 కిలోమీటర్లు చాలు. పొద్దున ఎనిమిది లోపు ఆంధ్ర సరిహద్దు దాటి, పగలంతా లేపాక్షిలో గడిపి, సాయంత్రం నాలుగు లోపు గదిలో దిగిపోవాలి. గండికోట రెండో రోజుది. ఈ దారికి ఇంకో అందం ఉంది. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు ఆంధ్రలోకి వస్తుంది, ఆ తర్వాత ఎర్రమల కొండలను కోసి గండికోట లోయ చేస్తుంది. నది మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. మొదటి రోజు మనం తిరిగేదంతా దాని పుట్టింటి చుట్టుపక్కలే. నంది కొండల దగ్గర ఈ నదిని చిన్న వాగుగా చూసినవాళ్ళకు గండికోటలో ఆ లోయ మరింత పెద్దగా కనిపిస్తుంది.

బండి సంగతి ముందు రోజే తేల్చుకోవాలి. గాలి కొట్టించేటప్పుడు టైర్లు చల్లగా ఉండాలి. పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే రీడింగ్ రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి గాలి తీసేస్తే పొద్దున తక్కువ గాలితో బయల్దేరతారు. ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే లోపల స్టిక్కర్ మీద ఉంటుంది. పెట్రోల్ బంకుల్లో గాలికి డబ్బు తీసుకోకూడదు. స్టెప్నీలో గాలి చూడటం అందరూ మరిచిపోతారు. దానికన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. టైర్ల షాపుల్లో వీల్ నట్లను ఎయిర్ గన్‌తో బిగిస్తారు. ఆ బిగింపును కారుతో వచ్చే చిన్న స్పానర్‌తో విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి, రోడ్డు మీద మీరు ఒక్కరే. కాబట్టి ఇంటి దగ్గరే నాలుగు చక్రాల నట్లూ ఒకసారి చేత్తో వదులు చేసి, అదే స్పానర్‌తో మళ్ళీ గట్టిగా బిగించుకోండి. జాకీ ఎక్కడ ఆనించాలో కూడా అప్పుడే చూసుకోండి. ఒక్కరే వెళ్ళేవాళ్ళకు ఈ అరగంట పని ఇచ్చే ధైర్యం ఏ యాప్ కూడా ఇవ్వదు.

కాగితాలు పెద్ద సమస్య కాదు. లైసెన్సు, ఆర్‌సీ డిజీలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ఫోన్‌లో పీడీఎఫ్‌గా దాచుకుని ఒక జెరాక్స్ డాష్‌బోర్డులో పెట్టుకోండి, ఎందుకంటే నెట్‌వర్క్ లేని చోట డిజీలాకర్ తెరుచుకోదు. సొంత కారుతో పక్క రాష్ట్రానికి వెళ్ళి రావడానికి పర్మిట్ గానీ పన్ను గానీ లేదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటేనే కొత్త రిజిస్ట్రేషన్ మాట వస్తుంది. అద్దె కారు సంగతి వేరు. సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. దానికి ఆంధ్రలో తిరిగే పర్మిట్ ఉందా అని అడిగి, ఆ కాగితం ఫోటో తీసుకోవాలి. తెల్ల ప్లేటు కారును అద్దెకిస్తామని ఎవరైనా చవగ్గా చెబితే వద్దనండి. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్సు అద్దె బండికి వర్తించదు. ప్రమాదం జరిగితే మొత్తం మీ మీదే పడుతుంది.

ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజు రాత్రే వేసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15న వచ్చిన పద్ధతిలో నగదుకు రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు వంతు. నెలకు రెండుసార్లు ఊరు దాటేవాళ్ళకు వార్షిక పాస్ (2025లో 3,000 రూపాయలు) లాభమే. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అయితే అది జాతీయ రహదారుల టోల్‌గేట్లకే, రాష్ట్ర రహదారుల మీద మామూలుగానే కోత పడుతుంది.

ఊరు దాటడమే మొదటి రోజు అసలు పరీక్ష. హెబ్బాళ ఫ్లైఓవర్ ఐదున్నర లోపు దాటితే దేవనహళ్ళికి అరగంట, ఏడు తర్వాత దిగితే ఎంతసేపని చెప్పలేం. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండేవాళ్ళు హెబ్బాళ జోలికే పోనక్కర్లేదు. హోసకోటె నుంచి దేవనహళ్ళికి శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు ఉంది, వెడల్పాటి రోడ్డు, నల్లూరు దగ్గర ఒక టోల్. కిలోమీటర్లు కాస్త ఎక్కువైనా మనసు ప్రశాంతంగా ఉంటుంది. మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళు మాత్రం ఐదుకే ఇల్లు కదలాలి.

శని, ఆదివారాల్లో ఒక చిక్కుంది. దేవనహళ్ళి దాటాక నంది కొండల వైపు మలుపు దాకా తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య బైకులు, కార్లు గుంపులుగా పరుగెడతాయి, సూర్యోదయానికి అందుకోవాలని అందరికీ తొందర. ఆ గుంపులో కుడి వరుసలో వేగంగా వెళ్ళడం కన్నా, వాళ్ళను పోనిచ్చి ఆరు తర్వాత ఆ చోటు దాటడం మంచిది. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం అయితే చిక్కబళ్ళాపురం దగ్గర ఆదియోగి విగ్రహం చూసి వచ్చే జనం కూడా ఇదే రోడ్డెక్కుతారు. వీలైతే ఈ యాత్ర శుక్రవారం మొదలుపెట్టండి.

చిక్కబళ్ళాపురం చుట్టూ కొండలు. అక్టోబరు చివర నుంచి జనవరి దాకా పొద్దున ఎనిమిది వరకు మంచు పట్టి ఉంటుంది. 2023 అక్టోబరు 26న పొద్దున, ఆ ఊరి శివారులో ఇదే హైవే మీద ఆగి ఉన్న ట్యాంకర్‌ను మంచులో ఒక సుమో వెనకనుంచి గుద్దింది. పది మందికి పైగా పోయారు. ఎడమ అంచున లైట్లు లేకుండా ఆగిన లారీలు ఈ రోడ్డు మీద పెద్ద ప్రమాదం. మంచులో ఎడమ గీత పట్టుకుని వెళ్ళడం క్షేమమని అనుకుంటారు గానీ లారీలు ఆగేది అక్కడే. లో బీమ్ వేసి, వేగం నలభైకి దించి, ముందు బండి వెనక లైట్లు కనిపించేంత దూరంలో వెళ్ళండి. అసలు కనిపించకపోతే రోడ్డు పక్కన ఆపొద్దు, ఏదో ఒక బంక్‌లోకో హోటల్ ఆవరణలోకో దిగిపోవాలి. ఆ నెలల్లో వెళ్తే ఈ మంచు కోసమే బయల్దేరే వేళ గంట వెనక్కి జరిపినా తప్పులేదు.

చిక్కబళ్ళాపురం దాటాక రోడ్డు సాఫీగా ఉంటుంది. అలాగని కళ్ళు మూసుకుని నడపొద్దు. డివైడర్ తెరిచి ఉన్న చోట్ల ట్రాక్టర్లు అడ్డంగా వస్తాయి, పక్క ఊరికి పోయే బైకులు ఎదురు వస్తాయి, పొద్దున వేళ గొర్రెల మందలు దాటుతుంటాయి. తొంభై దాటకుండా నడిపితే బాగేపల్లికి ఏడుంపావుకల్లా చేరొచ్చు.

బాగేపల్లిలో ఆగాల్సిన పని ఒకటుంది, పెట్రోల్. ఆంధ్రలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. కర్ణాటకలో పన్ను ఇంతకన్నా తక్కువ. కొన్నేళ్ళుగా లీటరుకు ఆరేడు రూపాయలో, అంతకన్నా ఎక్కువో తేడా నడుస్తోంది. నలభై లీటర్ల ట్యాంకు నింపితే రెండున్నర వందలు మిగులుతాయి, ఒక పూట భోజనం వచ్చినట్టే. అందుకే సరిహద్దుకు ఇవతల బంకుల్లో ఆంధ్ర బళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. ట్యాంక్ పొంగే దాకా కొట్టించొద్దు, ఆటోకట్ పడగానే ఆపించండి. మీటర్‌లో సున్నా చూడటం, మూత మీరే బిగించుకోవడం ఒంటరి ప్రయాణంలో అలవాటు కావాలి. కారులో ఇంకెవరూ ఉండరు కాబట్టి దిగేటప్పుడు తాళం తీసి జేబులో వేసుకోండి. ఎలక్ట్రిక్ కార్లవాళ్ళు దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మధ్యలోనే ఛార్జింగ్ నింపుకుని, లేపాక్షి నుంచి తిరిగి ఇక్కడిదాకా వచ్చే దూరం చేతిలో ఉంచుకుని దాటాలి.

బాగేపల్లిలోనే భాష మారిపోతుంది. బోర్డులు కన్నడంలో ఉంటాయి, నోట తెలుగు వస్తుంది. టీ కొట్టు దగ్గర “ఏమన్నా, యాడికి పోతాండావు?” అని అడుగుతారు. బెంగళూరులో ఏళ్ళ తరబడి ఆఫీసు తెలుగు మాట్లాడినవాళ్ళకు ఆ ఒక్క మాటతో ఊరికి దగ్గరయ్యామనిపిస్తుంది. దారి అడగాలన్నా ఇక్కడినుంచి మ్యాప్ కన్నా మనుషులే మేలు. “అన్నా, లేపాక్షికి యాడ తిరగాల?” అంటే బండి ఆపి మరీ చెబుతారు.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పుట్టపర్తి దీనికి కేంద్రం. పాత పుస్తకాలు, బోర్డులు ఇంకా అనంతపురం జిల్లా అనే చెబుతాయి. సొంత కార్లను ఇక్కడ మామూలుగా ఆపరు. ఆపితే అది సాధారణంగా మద్యం తనిఖీకే. కర్ణాటక సీసాలు డిక్కీలో ఉంటే కేసు అవుతుంది, ఒక్క సీసా అయినా వెంట పెట్టుకోవద్దు. ఇక్కడే హైవే వదిలి ఎడమకు తిరగాలి. సర్వీస్ రోడ్డులోకి దిగే చోటు తప్పిపోతే మళ్ళీ యూ-టర్న్‌కు చాలా దూరం పోవాల్సి వస్తుంది, కాబట్టి బాగేపల్లి దాటగానే ఎడమ వరుసలో ఉండండి. తప్పిపోయినా రివర్స్ మాత్రం చేయకండి, ఎంత దూరమైనా ముందుకే పోయి తిరగండి. ఇక్కడినుంచి లేపాక్షికి సుమారు పదిహేను కిలోమీటర్లు. వేరుశెనగ చేలు, గుండ్రాళ్ళ కొండలు, ఊళ్ళ దగ్గర రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు.

టిఫిన్ సరిహద్దు దాటాకే తినండి. దేవనహళ్ళి దాటాక హైవే పక్కన పెద్ద హోటళ్ళు బోలెడు, శుభ్రమైన బాత్‌రూమ్ కోసం వాటిలో ఒకదాంట్లో ఆగండి, కాఫీ తాగండి. ఆకలి మాత్రం ఉగ్గాని కోసం ఉంచుకోండి. బొరుగులను నీళ్ళలో ముంచి వెంటనే గట్టిగా పిండేయాలి, కొంచెం ఆలస్యమైనా ముద్దయిపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు తాలింపులో వాటిని కలిపి పైన పుట్నాల పొడి చల్లుతారు, పక్కన వేడి మిరపకాయ బజ్జి. మంచి ఉగ్గాని వేళ్ళ మధ్య విడివిడిగా జారాలి, బొరుగు లోపల కాస్త గట్టిదనం మిగలాలి. చిన్న కొట్లలో పది గంటలకల్లా అయిపోతుంది. ఇక్కడ చాలాచోట్ల యూపీఐ నడుస్తుంది, అయినా నెట్‌వర్క్ పోయిన రోజు కోసం పది, ఇరవై, యాభై నోట్లుగా ఒక ఐదొందలు చేతిలో ఉంచుకోండి.

లేపాక్షిలో మొదట కనిపించేది నంది. గుడికి సుమారు రెండొందల మీటర్ల దూరంలో రోడ్డు పక్కనే ఉంటుంది. ఒకే రాయి, దాదాపు 4.5 మీటర్ల ఎత్తు, 8 మీటర్లకు పైగా పొడవు. పొద్దున తొమ్మిది లోపు చూడాలి. అప్పుడు ఎండ పక్కనుంచి పడి మెడలోని గంటల వరుసలు, వీపు మీద కప్పిన వస్త్రం మడతలు లోతుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో అదంతా చదునైపోతుంది. చాలామంది ముందు నిలబడి ఫోటో దిగి పోతారు. నిజానికి వెనక వైపు చెక్కడమే ఎక్కువ ఓపికగా చేశారు, ఒక చుట్టు పూర్తిగా తిరగండి.

వీరభద్ర స్వామి గుడిని విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో, 1530 ప్రాంతంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. తాబేలు వీపులా ఉండే కూర్మశైలం మీద ఉంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఇక్కడ చూసే వరుస ముఖ్యం, ఎందుకంటే చెప్పులు బయట వదిలేయాలి, రాతి నేల పదకొండు తర్వాత కాలుతుంది. నాగలింగం, సగంలో ఆగిన కల్యాణ మండపం, సీతమ్మ పాదం అంటూ చూపించే పెద్ద అడుగు గుర్తు ఆరుబయట ఉన్నాయి, వాటిని ముందు చూసేయాలి. ఒక జత నూలు సాక్సులు జేబులో పెట్టుకెళ్తే ఆ తర్వాత కూడా తిరగొచ్చు.

మండపం లోపలికి పదిన్నర, పదకొండుకు రండి. ఇది గైడ్లు చెప్పని సంగతి. పైకప్పు మీద బొమ్మలు ఉదయం చీకట్లో ఉంటాయి. ఎండ పెరిగాక బయటి రాతి నేల మీద పడిన వెలుగు పైకి ఎగసి కప్పును తాకుతుంది, అప్పుడే రంగులు లేస్తాయి. ఎర్ర మన్ను రంగు నేపథ్యం, నల్లటి గీతలు, పసుపు, తెలుపు, అక్కడక్కడా ఆకుపచ్చ. శివ పార్వతుల కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, అర్జునుడు పాశుపతం కోసం చేసిన తపస్సు, మర్రి ఆకు మీద కృష్ణుడు. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చుక్కలు, అంచులు ఒకదానికొకటి పోలవు. గర్భగుడి ముందు మండపం కప్పు మీద వీరభద్రుడి బొమ్మ సుమారు ఏడు మీటర్ల పొడవు, దాన్ని కింద నిలబడి ఒక్క చూపులో పట్టుకోలేం. మెడ పట్టేస్తుంది కాబట్టి గోడకు ఆనుకుని కూర్చుని చూడండి. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, ఫ్లాష్ మాత్రం వద్దు. దాదాపు అయిదొందల ఏళ్ళుగా ఆ రంగులు నిలిచాయి, ఇకమీదా నిలవాలి. కొన్నిచోట్ల సున్నం పెచ్చులు ఊడి కింది రాయి కనబడుతుంటే మనసు చివుక్కుమంటుంది.

వేలాడే స్తంభం దగ్గరే జనమంతా గుమిగూడతారు. డెబ్బై స్తంభాల్లో అది ఒకటి, దాని అడుగున ఒక మూల తప్ప మిగతాది నేలకు తగలదు. కండువా ఒక వైపు నుంచి తోసి ఇంకో వైపు లాగుతారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు ఫోటో కోసం ఫోన్ ఎవరికో ఇచ్చే కన్నా, స్తంభం పక్కన నేల మీద తల వంచి ఆ సన్నటి వెలుగు గీతను చూడటం మేలు. రాయి కింద నుంచి అవతలి మనుషుల పాదాలు కదులుతూ కనిపిస్తాయి.

ఏడు పడగల నాగలింగం గురించి ఒక కథ చెబుతారు. శిల్పులు తల్లి వంట చేసేలోపు చెక్కేశారట, ఆమె దృష్టి తగిలి రాయి చీలిందట. విరుపణ్ణ తన కళ్ళు తీసి గోడకేసి కొట్టాడని ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. కథలు వినాలంటే గైడ్ ఉండాల్సిందే, డబ్బు ఎంతో, ఎంతసేపో ముందే మాట్లాడుకోండి. బొమ్మలు చూడాలంటే మాత్రం గైడ్ లేకుండా రెండోసారి లోపలికి వెళ్ళాలి. ఎందుకంటే గైడ్లు నలభై నిమిషాల్లో ముగిస్తారు, పైకప్పుకే గంట కావాలి.

మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు లేదా నాటుకోడి పులుసు. బండి నడపడం ఇంకా మిగిలి ఉంటే సంగటి సగం ముద్దే తినండి, నిద్ర ఆగదు.

ఇక బస సంగతి. ఏపీ టూరిజం వాళ్ళ హరిత హోటల్ లేపాక్షిలోనే ఉంది, గుడికి నడిచి వెళ్ళొచ్చు. ఒక్కరే వెళ్ళేవాళ్ళకు నా ఓటు దీనికే. పగలు బండి ఆవరణలో పెట్టేస్తే మళ్ళీ తీయక్కర్లేదు, మధ్యాహ్నం ఎండలో గదికొచ్చి పడుకుని నాలుగింటికి మళ్ళీ గుడికి వెళ్ళొచ్చు. ఈ రెండో చూపే మొదటి రోజును నిలబెడుతుంది. గదులు ఎక్కువ లేవు, శని, ఆదివారాలకు వారం ముందే బుక్ చేసుకోవాలి. ఊరు చిన్నది కాబట్టి రాత్రి భోజనం ఎనిమిది లోపు చెప్పి ఉంచుకోవడం మంచిది.

హిందూపురం పద్నాలుగు కిలోమీటర్లు. బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ లాడ్జీలు చాలా ఉన్నాయి, మందుల షాపులు, మెకానిక్కులు, ఏటీఎంలు అన్నీ దొరుకుతాయి. బండికి ఏదైనా రిపేరు వస్తే లేపాక్షి కన్నా ఇక్కడే ఆగాలి. ఇబ్బంది రెండు విషయాల్లో. రోడ్డు వైపు గదుల్లో తెల్లవార్లూ బస్సుల హారన్లు, లాడ్జి గేటు లోపల కారు పెట్టే చోటు చాలాచోట్ల ఉండదు. బుక్ చేసే ముందు “వెనక వైపు గది, గేటు లోపల పార్కింగ్” అని రెండూ కలిపి అడగండి.

పుట్టపర్తికి కొడికొండ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. గదుల సంఖ్యలో, శుభ్రతలో, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు అలవాటైన వాతావరణంలో ఈ చుట్టుపక్కల దీనికి సాటి లేదు. ఏళ్ళుగా దేశదేశాల నుంచి ఒంటరిగా వచ్చేవాళ్ళను చూసిన ఊరు. లేపాక్షిలో గది దొరకని ఆడవాళ్ళు హిందూపురం లాడ్జీ కన్నా ఇక్కడికి రావడం మేలు, అయితే మూడున్నరకల్లా లేపాక్షి వదలాలి. సాయిబాబా పుట్టినరోజు నవంబరు 23 చుట్టూ మాత్రం గది ఆశ పెట్టుకోవద్దు. పెనుకొండ చూడదగ్గ ఊరే. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని, గగన్ మహల్ ఉంది, కొండ కోట ఉంది. కానీ బసకు వెతుక్కోవాలి. దాన్ని తిరుగు ప్రయాణంలో పగటి పూట చూడండి.

చిన్న ఊళ్ళ లాడ్జీల్లో ఒక్క మనిషికి గది ఇవ్వడానికి వెనకాడే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. కౌంటర్ దగ్గర వాదించే కన్నా ముందే ఫోన్ చేసి “ఒక్కరమే, ఒక రాత్రి, కారుంది, ఆధార్ ఉంది” అని చెప్పి, మాట్లాడినవాళ్ళ పేరు రాసుకోండి. ఆధార్ ఒరిజినల్ అడుగుతారు. చెక్‌అవుట్ 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం పన్నెండా అన్నదీ అడగాలి. పొద్దున పదకొండుకు దిగి, మర్నాడు తెల్లవారే వెళ్ళిపోయేవాళ్ళకు 24 గంటల పద్ధతిలో ఒక్క రోజు అద్దెతో పోతుంది. లేకపోతే రెండు రోజులు లెక్కేసే ప్రమాదం ఉంది. 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. బిల్లులో 12 వేస్తే అడగండి. గదిలోకి వెళ్ళగానే సామాను దించకముందే తలుపు గడియ లోపలి నుంచి సరిగ్గా పడుతుందో, కిటికీ మూసుకుంటుందో, గీజర్ పది నిమిషాల్లో వేడెక్కుతుందో చూడాలి. నచ్చకపోతే అప్పుడే చెప్పడం తేలిక.

బైక్ మీద వచ్చేవాళ్ళకు ఇదే దారి, ఇదే లెక్క, ఒక్క తేడా. కొడికొండ వైపు ఎండాకాలం గాలి పక్కనుంచి కొడుతుంది, లారీని దాటిన మరుక్షణం బండి పక్కకు జరుగుతుంది. దాటేటప్పుడు హ్యాండిల్ వదులుగా పట్టుకుని, మోకాళ్ళతో ట్యాంకును బిగించండి. మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి.

హైవే వద్దనుకునేవాళ్ళకు యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు, హిందూపురం దారి ఉంది. గౌరిబిదనూరు దగ్గర్నుంచి పెన్నకు దగ్గరగా నడిచే రోడ్డు. సమయం ఎక్కువ పడుతుంది, ఊళ్ళ మధ్య హంపులు ఎక్కువ, దాటడానికి చోటు తక్కువ. అయినా గౌరిబిదనూరు దాటాక విదురాశ్వత్థం కోసం ఒకసారైనా ఆ దారి పట్టాలి. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. వందల నాగప్రతిమలు, పక్కన స్తూపం. కొత్తగా ఒంటరి ప్రయాణం మొదలుపెట్టేవాళ్ళు వెళ్ళేటప్పుడు హైవే, వచ్చేటప్పుడు ఈ దారి పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటి రోజు సాయంత్రం ఆరింటికి చేయాల్సినవి కొన్ని మిగిలి ఉంటాయి. ఎక్కడ దిగారో, గది నంబరు ఎంతో, కారు నంబరు ఎంతో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. లొకేషన్ షేరింగ్ మర్నాడు రాత్రి దాకా ఆన్ చేసి ఉంచండి. హైవే సహాయానికి 1033, మిగతా ఏ ఆపదకైనా 112. గండికోట వైపు మ్యాప్‌ను ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. లేపాక్షి నుంచి మళ్ళీ హైవే ఎక్కి పాలసముద్రం దగ్గర కుడికి తిరిగితే గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, అక్కడినుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు. మొత్తం సుమారు 190, భోజనం, టీ కలిపి ఐదు గంటలు. ట్యాంకులో బాగేపల్లి పెట్రోల్ ముప్పావు వంతుకు పైగా ఉంటుంది, కోట చేరేదాకా బంక్ అవసరం రాదు. అలారం ఐదుకు పెట్టుకుని, గది డబ్బు రాత్రే కట్టేసి, గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో కౌంటర్‌లో అడిగి పడుకోండి.